లావు తగ్గించే సూదిమందు: ఎవరికి మేలు? ఎవరికి ముప్పు?

“డాక్టరుగారూ, లావు తగ్గడానికి వారానికో ఇంజెక్షన్ వచ్చిందటగా! నాకూ రాసివ్వండి.”

ఈ మధ్య ఓపీలో ఈ మాట తరచుగా వినిపిస్తోంది. అడిగేవారిలో ముఖ్యంగా మూడు రకాలవాళ్లున్నారు. చక్కెర వ్యాధి, రక్తపోటు, మోకాళ్ల నొప్పులతో నాలుగు మెట్లు ఎక్కలేని యాభై ఏళ్ల గృహిణులు ఒక రకం. పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయి పొట్ట పెంచుకున్న నలభై ఏళ్ల ఉద్యోగులు రెండో రకం. రెండు నెలల్లో ముహూర్తం పెట్టుకుని, ఈలోగా నాలుగు కిలోలు తగ్గితే చాలనుకునే ఆడపిల్లలు మూడో రకం. ముగ్గురూ అడిగే మందు ఒకటే. వైద్యుడు చెప్పవలసిన జవాబు మాత్రం ముగ్గురికీ ఒకటి కాదు. ఎందుకు కాదో ఈ వారం వివరంగా తెలుసుకుందాం.

ఏమిటీ ఇంజెక్షన్?

మనం భోజనం చేసినప్పుడు పేగుల నుంచి జి.ఎల్.పి.-1 అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. ఇది మూడు పనులు చేస్తుంది. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్ ఎక్కువగా వచ్చేటట్లు చేస్తుంది. కడుపులోని ఆహారం పేగుల్లోకి జారే వేగాన్ని తగ్గిస్తుంది. మెదడుకు “ఇక చాలు, కడుపు నిండింది” అని కబురు పంపుతుంది. అయితే ఈ హార్మోను ఆయువు చాలా తక్కువ. రెండు మూడు నిమిషాల్లోనే విరిగిపోతుంది. అందువల్ల దానిని అలాగే మందుగా వాడడం కుదరలేదు.

దీనికి దారి చూపించింది ఒక బల్లి అంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. అమెరికా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది. దాని విషంలో ఈ హార్మోనును పోలిన పదార్థం ఉందనీ, అది తొందరగా విరిగిపోదనీ 1992లో జాన్ ఎంగ్ అనే అమెరికన్ వైద్యుడు తెలియజేశాడు. దాని ఆధారంగా తయారైన మందు 2005లో చక్కెర వ్యాధికి వాడకంలోకి వచ్చింది. దానిని రోజుకు రెండుసార్లు పొడుచుకోవలసి వచ్చేది. తరువాత శాస్త్రజ్ఞులు మనిషి హార్మోనునే కొద్దిగా మార్చి, వారానికి ఒక్కసారి తీసుకుంటే సరిపోయే సెమాగ్లూటైడ్ తయారు చేశారు. దీనితోపాటు మరో పేగు హార్మోను పనిని కూడా చేసే మందు టిర్జెపటైడ్. మన దేశంలో టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరుతోను, సెమాగ్లూటైడ్ 2025 జూన్‌లో వెగోవీ పేరుతోను విడుదలయ్యాయి. ఒజెంపిక్ అన్నా సెమాగ్లూటైడే. అది చక్కెర వ్యాధికి ఉద్దేశించినది.

వీటిని “కొవ్వు కరిగించే ఇంజెక్షన్లు” అంటున్నారు. ఆ మాట సరైనది కాదు. పొట్ట మీద పొడుచుకున్నంత మాత్రాన పొట్టలోని కొవ్వు కరగదు. మందు వల్ల ఆకలి తగ్గుతుంది, తిండి తగ్గుతుంది. అప్పుడు శరీరం తాను నిలవ చేసుకున్న కొవ్వును ఖర్చు పెట్టుకుంటుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే తరువాత చెప్పబోయేవన్నీ సులభంగా అర్థమవుతాయి.

ఎంత బరువు తగ్గుతుంది?

సెమాగ్లూటైడ్ మీద 1,961 మందితో జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. వీరెవరికీ చక్కెర వ్యాధి లేదు. 68 వారాల తర్వాత మందు వాడినవారు సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారు 2.4 శాతం తగ్గారు. అంటే 90 కిలోల మనిషి మందుతో సుమారు 13 కిలోలు తగ్గాడన్న మాట. టిర్జెపటైడ్ మీద 2,539 మందితో జరిగిన పరిశోధన 2022లో వచ్చింది. అందులో అన్నిటికంటె ఎక్కువ మోతాదు వాడినవారు 72 వారాల్లో సగటున 20.9 శాతం తగ్గారు.

ఇక్కడ రెండు విషయాలు మరచిపోకూడదు. ఈ పరిశోధనల్లో పాల్గొన్నవారంతా మందుతోపాటు ఆహార నియమం, వ్యాయామం కూడా పాటించారు. రెండోది, చక్కెర వ్యాధి ఉన్నవారిలో బరువు ఇంతగా తగ్గదు. వారిమీద విడిగా జరిగిన పరిశోధనలో సెమాగ్లూటైడ్‌తో తగ్గినది సగటున 9.6 శాతం మాత్రమే. “పక్కింటావిడకు పదిహేను కిలోలు తగ్గింది, నాకు ఏడే తగ్గిందేమిటి?” అని దిగులుపడేవారు ఈ తేడా గమనించాలి.

కిలోలకు మించిన లాభం

బరువు తగ్గడం ఒక్కటే లాభమైతే ఈ మందు గురించి ఇంత చర్చ అవసరం ఉండేది కాదు. దీనివల్ల గుండెకు మేలు జరుగుతుందని 2023లో తేలింది. గుండెజబ్బో, పక్షవాతమో వచ్చి, బరువు ఎక్కువగా ఉండి, చక్కెర వ్యాధి లేని 17,604 మందిని సగటున మూడేళ్లకు పైగా గమనించారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం – ఈ మూడూ కలిపి మందు లేనివారిలో నూటికి 8 మందికి వస్తే, సెమాగ్లూటైడ్ వాడినవారిలో నూటికి 6.5 మందికి వచ్చాయి.

దీనినే “20 శాతం తగ్గింది” అని ప్రకటనల్లో రాస్తారు. అదీ నిజమే. కాని ఇంటి లెక్కలో చూస్తే, అలాంటి 200 మంది మూడేళ్లకు పైగా మందు వాడితే 16 మందికి రావలసిన ఆపద 13 మందికి వస్తుంది. ముగ్గురు బయటపడతారు. అప్పటికే గుండెజబ్బు ఉన్నవారికి ఇది తీసిపారేసే లాభం కాదు. గుండె నిక్షేపంగా ఉన్న పాతికేళ్ల పిల్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు.

చక్కెర వ్యాధితో మూత్రపిండాలు దెబ్బతింటున్నవారిలో సెమాగ్లూటైడ్ ఆ నష్టాన్ని నెమ్మదింపజేస్తుందని 2024లో వెల్లడైంది. స్థూలకాయంతో మోకాళ్లు అరిగినవారిలో నొప్పి తగ్గినట్లు కూడా అదే ఏడు మరో పరిశోధన తెలిపింది. నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగిపోయే జబ్బుకు టిర్జెపటైడ్‌ను 2024 డిసెంబరులో అమెరికాలో ఆమోదించారు.

ఇబ్బందులు ఏమిటి?

అందరికంటె ముందు మొర పెట్టేది కడుపు. ఇందాక చెప్పిన మొదటి పరిశోధనలో నూటికి 44 మందికి వికారం కలిగింది. ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో కూడా 17 మందికి కలిగిందనుకోండి. సుమారు 31 మందికి విరేచనాలు, 25 మందికి వాంతులు, 23 మందికి మలబద్ధకం వచ్చాయి. ఎక్కువమందిలో ఇవి మోతాదు పెంచే రోజుల్లో వచ్చి క్రమంగా సర్దుకుంటాయి. అందుకే మందును కొద్ది మోతాదుతో మొదలుపెట్టి నెలల తరబడి మెల్లగా పెంచుతారు. తొందరపడి మోతాదు తామే పెంచుకునేవారు కోరి కష్టాలు తెచ్చుకుంటున్నారు. వాంతులు, విరేచనాలు ఎక్కువై ఒంట్లో నీరు తగ్గిపోతే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది.

అరుదుగా వచ్చేవైనా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

క్లోమగ్రంథి వాచడం: పొట్ట పైభాగంలో భరించలేని నొప్పి పుట్టి వీపులోకి పాకుతుంది. వాంతులవుతాయి. ఇలా జరిగితే గ్యాసు నొప్పి అని సోడా తాగుతూ కూర్చోకూడదు. మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పిత్తాశయంలో రాళ్లు: బరువు ఏ పద్ధతిలో వేగంగా తగ్గినా రాళ్లు ఏర్పడవచ్చు. ఈ మందుతో ఆ అవకాశం కొంత పెరుగుతుంది.

చక్కెర పడిపోవడం: ఈ మందు ఒక్కటే వాడినప్పుడు ఈ భయం తక్కువ. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి కూడా వాడుతున్నవారిలో చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఆ మందుల మోతాదు ముందుగానే తగ్గించవలసి రావచ్చు.

కళ్లు: చక్కెర వ్యాధివల్ల కంటి రెటీనా ఇదివరకే దెబ్బతిన్నవారిలో, చక్కెర ఒక్కసారిగా తగ్గినప్పుడు జబ్బు ముదరవచ్చు. మందు మొదలుపెట్టే ముందు కంటి పరీక్ష చేయించుకోవాలి. ఇది కాక, కంటి నరానికి రక్తం అందక చూపు హఠాత్తుగా పోయే జబ్బు సెమాగ్లూటైడ్ వాడేవారిలో పదివేలమందికి ఒకరి వరకు రావచ్చని ఐరోపా ఔషధ సంస్థ 2025 జూన్‌లో ప్రకటించింది. చూపు అకస్మాత్తుగా మందగిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

కండ కరగడం: దీనిని గురించి ఎవరూ అడగరు, కాని మన వాళ్లకు ఇది చాలా ముఖ్యం. తగ్గిన బరువంతా కొవ్వు కాదు. పరిశోధనల్లో తగ్గిన బరువులో సుమారు నాలుగో వంతు నుంచి 40 శాతం వరకు కండ మొదలైన కొవ్వు కాని భాగమే. అసలే మన వాళ్ల శరీరంలో పొట్ట కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. అరవై దాటినవారిలో కండ ఇంకా తగ్గితే కూర్చున్నచోటు నుంచి లేవలేకపోవడం, తూలి పడడం, ఎముకలు విరగడం – ఇలా కొత్త కష్టాలు మొదలవుతాయి.

మానేస్తే ఏమవుతుంది?

నన్నడిగితే ఇంజెక్షన్ మొదలుపెట్టకముందే ప్రతి ఒక్కరూ వేసుకోవలసిన ప్రశ్న ఇది. సెమాగ్లూటైడ్ పరిశోధనలో పాల్గొన్నవారిలో కొందరిని మందు మానేశాక ఏడాదిపాటు గమనించారు. వారు తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. అంటే పదిహేను కిలోలు తగ్గినవారికి పది కిలోలు మళ్లీ వచ్చాయి.

ఇందులో వింతేమీ లేదు. రక్తపోటు మాత్ర మానేస్తే రక్తపోటు మళ్లీ పెరుగుతుంది కదా! ఈ మందూ అంతే. వాడినంత కాలం ఆకలిని అదుపులో పెడుతుంది, మానగానే ఆకలి తిరిగి వస్తుంది. కాబట్టి ఇది నాలుగు వారాల కోర్సు కాదు. ఏళ్ల తరబడి సాగే చికిత్స.

ఇక ఖర్చు సంగతి. మౌంజారో మన దేశంలోకి వచ్చినప్పుడు అన్నిటికంటె చిన్న మోతాదు సీసా ధర 3,500 రూపాయలు. అది ఒక్క వారానికి. నెలకు 14,000 అయింది. మన దేశంలో సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు 2026 మార్చి వరకే. పేటెంటు గడువు తీరాక ఏ మందైనా నలుగురూ తయారు చేస్తారు, ధర దిగుతుంది. అయినా లెక్క వేసేటప్పుడు ఒక నెల ఖర్చు చూసి సంబరపడకండి. మీ ఇంటి రాబడితో మూడు నాలుగేళ్లు మోయగలరా అని చూసుకోండి. అప్పు చేసి ఆరు నెలలు వాడి మానేస్తే, డబ్బూ పోతుంది, బరువూ తిరిగి వస్తుంది. తిరిగి వచ్చే బరువులో కొవ్వు పాలే ఎక్కువ కావచ్చు. పోయిన కండ పోయినట్టే మిగలవచ్చు.

ఎవరికి తగును?

ముందు మీ బరువు ఎక్కువో కాదో తేల్చుకోండి. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు గుణించి దానితో భాగించండి. వచ్చినదే బి.ఎం.ఐ. మనవారికి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని లెక్క. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆడవారిలో 24 శాతం మందికి బి.ఎం.ఐ. 25కు చేరింది లేక దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 36 శాతం, తెలంగాణలో 30 శాతం.

ఈ ఇంజెక్షన్లను సాధారణంగా బి.ఎం.ఐ. 30 గాని అంతకు మించి గాని ఉన్నవారికి, లేదా 27 దాటి బరువు మూలంగా వచ్చే జబ్బు ఏదైనా ఉన్నవారికి సిఫారసు చేస్తారు. ఇప్పుడు మొదట చెప్పిన ముగ్గురి విషయం చూద్దాం.

యాభై రెండేళ్ల గృహిణి. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. బి.ఎం.ఐ. దాదాపు 33. చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నాయి, మోకాళ్లు అరిగాయి. నడవమంటే నడవలేదు, నడవక బరువు పెరుగుతోంది. ఈమెకు లాభం వైపే త్రాసు మొగ్గుతుంది. కంటి పరీక్ష చేసి, పాత మందులు సరిచూసి, ఖర్చు భరించగలిగితే నిశ్చింతగా మొదలుపెట్టవచ్చు. “బద్ధకం వదిలిస్తే అదే తగ్గుతుంది” అని ఇంట్లోవాళ్లు ఈమెను దెప్పడం న్యాయం కాదు. ఈమెది జబ్బు. జబ్బుకు మందు వాడడంలో సిగ్గుపడవలసినది లేదు.

నలభై ఏళ్ల ఉద్యోగి. ఎత్తు 170, బరువు 80, నడుము 98. బి.ఎం.ఐ. 27.7. చక్కెర ఇంకా గీత దాటలేదు గాని అంచు మీద ఉంది. కాలేయంలో కొవ్వు చేరింది. ఇతనికి మందు నిషేధం కాదు. కాని తొందర లేదు. ఇలా చక్కెర అంచు మీద ఉన్నవారి మీద చెన్నైలో జరిగిన పరిశోధన 2006లో వెలువడింది. కేవలం తిండి, నడక అలవాట్లు మార్చుకోవడంతోనే మూడేళ్లలో చక్కెర వ్యాధి వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. కనుక ముందు ఆరు నెలలు అన్నం తగ్గించి, రాత్రి భోజనం పెందలాడే ముగించి, రోజూ నలభై నిమిషాలు నడిచి చూడాలి. చిత్తశుద్ధితో చేసినా దారికి రాకపోతే అప్పుడు ఇంజెక్షన్ గురించి ఆలోచించవచ్చు.

పెళ్లికూతురు. ఎత్తు 157, బరువు 56. బి.ఎం.ఐ. 22.7. ఈ అమ్మాయికి జబ్బు లేదు, అధిక బరువూ లేదు. కాబట్టి మందు ఇవ్వగల లాభం సున్న. వాంతులు, నీరసం, కండ కరగడం – నష్టాలు మాత్రం అన్నీ ఉంటాయి. పైగా పెళ్లయిన కొత్తలో గర్భం వస్తే? సెమాగ్లూటైడ్‌ను గర్భం కోరుకునేందుకు కనీసం రెండు నెలల ముందే మానేయాలి. ఫొటోల కోసం, చూసేవాళ్ల మాటల కోసం ఈ మందు వాడడం ఎంతమాత్రం తగదు. ఈ మాట పిల్లలతో పాటు, “కాస్త సన్నబడవే” అని వెంటబడే తల్లులకూ చెబుతున్నాను.

వీరు వాడకూడదు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, త్వరలో గర్భం కోరుకునేవారు వాడకూడదు. థైరాయిడ్ గ్రంథికి వచ్చే మెడులరీ క్యాన్సర్ తమకు గాని, రక్తసంబంధీకులకు గాని ఉన్నవారు వాడకూడదు. ఎలుకల్లో ఇలాంటి గడ్డలు కనిపించినందువల్ల ఈ హెచ్చరిక చేశారు. మామూలుగా థైరాయిడ్ మాత్ర వేసుకునేవారికి ఈ నిషేధం లేదు. ఇదివరకు క్లోమగ్రంథి వాచినవారు, జీర్ణాశయం కదలికలు బాగా మందగించినవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. టిర్జెపటైడ్ వాడే స్త్రీలలో గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు వేరే పద్ధతి కూడా పాటించాలి.

వాడేవారికి జాగ్రత్తలు

• డాక్టరు చీటీ లేకుండా కొనవద్దు. బ్యూటీ పార్లర్లలో, వాట్సాప్‌లో అమ్మేవి అసలే వద్దు. నకిలీ ఒజెంపిక్ తిరుగుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరించింది. తెలిసిన మందుల షాపులో బిల్లు తీసుకుని కొనండి.

• వాడని మందును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకడితే పారేయాలి. ఒకరి పెన్ను మరొకరు, భార్యాభర్తలైనా సరే, వాడకూడదు.

• ఆకలి లేదని కాఫీ, బిస్కట్లతో సరిపెట్టవద్దు. తినే కొద్ది తిండిలోనే పప్పు, గుడ్డు, పెరుగు, శనగలు, చేపలు ఉండాలి. వేపుళ్లు, నూనె పిండివంటలు తింటే వికారం ఎక్కువవుతుంది. కొద్దికొద్దిగా, నెమ్మదిగా తిని, కడుపు నిండగానే ఆపండి.

• నడకతోపాటు కండకు పని చెప్పే వ్యాయామం వారానికి రెండు మూడు రోజులైనా చేయాలి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, నీళ్ల సీసాలు ఎత్తడం ఇంట్లోనే చేయవచ్చు.

• ఏదైనా ఆపరేషన్ ఉంటే ఈ మందు వాడుతున్నట్లు మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. కడుపులో ఆహారం ఎక్కువసేపు నిలవ ఉండి, మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

“ఇదివరకు కూడా ఇలాంటి మందులు వచ్చి పోయాయిగా?” అని కొందరు పెద్దలు అడుగుతారు. మంచి ప్రశ్నే. ఫెన్‌ఫ్లూరమిన్ అనే మాత్ర గుండె కవాటాలను పాడుచేస్తున్నదని తేలి 1997లో దానిని అమెరికాలో ఉపసంహరించారు. సిబుట్రమిన్‌తో గుండెపోటు, పక్షవాతం పెరుగుతున్నాయని 2010లో అమెరికా, ఐరోపా మార్కెట్ల నుంచి తీసేశారు. ఇప్పటి మందులు గుండె పరీక్షలో నెగ్గాయి. ఆ తేడా చిన్నది కాదు. 2025 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్థూలకాయానికి వీటిని వాడవచ్చని షరతులతో సిఫారసు చేసింది. ఆహార నియమం, వ్యాయామం వెంట ఉండాలని కూడా చెప్పింది.

అంచేత ఇంజెక్షన్ గురించి డాక్టరు దగ్గరకు వెళ్లేముందు ఒక కాగితం తీసుకోండి. మీ ఎత్తు, బరువు, నడుము కొలత రాయండి. ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు, ఇంట్లోవారి థైరాయిడ్ క్యాన్సర్ వివరాలు రాయండి. నెలకు ఎంత ఖర్చు పెట్టగలరో, ఎన్నేళ్లు పెట్టగలరో అదీ రాయండి. ఆ కాగితం ముందుంచుకుని మాట్లాడితే మీకు ఈ మందు కావాలో వద్దో పది నిమిషాల్లో తేలిపోతుంది. “ఎన్ని కిలోలు తగ్గుతాను?” అని అడిగేముందు, “ఈ బరువు నా ఒంటికి ఏం కీడు చేస్తోంది?” అని అడగండి.